ఎర్ర గొర్రె బొచ్చు కప్పుకున్న నల్లపిల్ల

మొన్న మా వీధిలోకి పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బండి వచ్చింది. కోడలు అటక మీది నుంచి తుప్పుపట్టిన మా పుట్టింటి బొచ్చుకత్తెర దించి నా చేతికిచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చెనిక్కాయల నూనె, గొర్రెబొచ్చు జిడ్డు కలిసిన వాసన ఇంకా పోలేదు. ఇనుముకు ఎర్రగడ్డలు మంచి బేరమే, కాదనను. కానీ ఆ వాసన వెంట పెనుకొండ దాపున మా కొట్టం, మంద, మా అవ్వ అరుపులు అన్నీ లేచివచ్చాయి.

శివరాత్రి దగ్గరపడి, చలి వెనక్కి తగ్గుతూ, పశువులు మేసే చెనక్కట్టె వామి సగానికి కరిగే రోజుల్లో మా ఇంట్లో బొచ్చు కత్తిరింపు జరిగేది. ముందురోజు మందనంతా వంకలోకి దింపి, ఒక్కొక్క గొర్రెనూ మెడపట్టి ముంచి కడిగేసరికి, పిల్లలం మేము గొర్రెలకంటే ఎక్కువ తడిసేవాళ్ళం. మర్నాడు ఎండెక్కి బొచ్చు ఆరాక ఊరి వెనక నున్నటి బండ మీద పని. బొచ్చుకు మట్టి అంటితే కంబళి నేసేవాళ్ళు మొహం చిట్లిస్తారని అవ్వ ఆ బండను ఇంటి నడవకంటే శుభ్రంగా చిమ్మించేది. ఒక పక్క కత్తెరల చప్పుడు, ఒక పక్క గొర్రెల గోల, పొయ్యి మీద రాగిసంగటి, రోట్లో నూరుతున్న ఊరిబిండి ఘాటు. గాలికెగిరిన పోచలు ఏరడం ఆడపిల్లల పని. కంపకు చిక్కిన పోచను చూసీచూడనట్టు వదిలేస్తే అవ్వ ఊరుకునేది కాదు. నా బడిచదువు మూడో తరగతితో సరి. ఈ పోచలేరే చదువు మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.

ఆ ఏడు నాకొక నల్లపిల్ల ఉండేది. దాని తల్లి ఈనిన మర్నాడే చచ్చిపోయింది. గుడ్డవత్తితో మేకపాలు తాపుతున్నా పిల్ల ఎండిపోతూనే ఉంది. అదే మందలో, పిల్ల చచ్చిన ఎర్ర గొర్రె ఒకటి పొదుగు నిండా పాలతో తిరుగుతోంది. నల్లపిల్ల దగ్గరికి పోతే మాత్రం కుమ్మి తోసేది. బొచ్చుపని నాటి పొద్దున్నే నాయన చెప్పేశాడు.

"తల్లిపాలు లేంది ఇది బతకదు పాపా. సాయంత్రం సంత బండి వస్తాది. దాంట్లో పంపిచ్చేద్దాం."

నేను ఏడుస్తూ పోచలు ఏరుతుంటే అవ్వ చూసింది. ఓదార్చే అలవాటు ఆమెకు లేదు. "ఏడిస్తే పాలొస్తాయా? ఆ ఎర్రదాని బొచ్చు ఇట్ల పట్టుకురా" అంది.

మాకు బొచ్చు కత్తిరించేది తిప్పన్న తాత. చూపు బాగా మందగించినా, "కండ్లు మూసుకోనైనా కత్తిరిస్తా" అనేవాడు. అన్నట్టే చాపలాగా ఒకే తునకగా తీసేవాడు. అవ్వ ఆ తునకను నల్లపిల్లకు కప్పి, కడుపు కింద పురికొసతో కట్టి, తన వాసనే వస్తే దగ్గరికి రానిస్తుందని ఎర్ర గొర్రె పాలే నాలుగు చుక్కలు పిండి పిల్ల తోకకు పూసింది. బొచ్చు మోకాళ్ళదాకా వేలాడుతుంటే అది కంబళి కప్పుకొని పంచాయితీకి బయల్దేరిన పెద్దమనిషిలా ఉంది. ఎర్ర గొర్రె వాసన చూసింది, మళ్ళీ చూసింది. కుమ్మలేదు. పాలూ ఇవ్వలేదు, పక్కకు జరిగింది.

ఎండ వాలేసరికి గొర్రెలన్నీ గుండు చేయించుకున్నట్టు నిలబడ్డాయి. వాటి మధ్య ఒక్కటే బొచ్చుతో తిరుగుతుండడం తిప్పన్న తాత కంటబడింది.

"యో, ఇదొకటి తప్పిచ్చుకోని తిరుగుతాండాది!" అని కాలు పట్టి లాగి, మోకాళ్ళ నడుమ ఇరికించి కత్తెర ఆడించాడు. పురికొస తెగింది. బొచ్చంతా ఒక్కసారే చేతికొచ్చింది. కింద పిడికెడు నల్లపిల్ల.

"ఇదేందబ్బా, గొర్రె పోయి పిల్ల మిగిలె!"

పిల్ల బెదిరి అరిచింది. అంతే, ఎర్ర గొర్రె ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి తాతను వెనకనుంచి ఒక్క కుమ్ము కుమ్మింది. ఆయన పోయి బొచ్చుకుప్పలో బోర్లాపడ్డాడు. ఎర్ర గొర్రె ఎవరినీ చూడకుండా నల్లపిల్లను నాకి, వెనక కాళ్ళు ఎడం చేసి నిలబడింది. పిల్ల తోక ఆడిస్తూ తాగుతూనే ఉంది.

"లెయ్యప్పా, బొచ్చు నలిగిపోతాది" అంది అవ్వ, తాతతో.

"నాయనా, సంత బండి?" అన్నాను.

"తిప్పన్న మామను ఎక్కిద్దాంలే" అన్నాడు నాయన. నోట్లోని పోచలు ఉమ్ముకుంటూ తాత కూడా నవ్వాడు.

ఇప్పుడు ఊరూరా తిరిగి కత్తిరించేవాళ్ళు రారు. మందలున్నాయి గానీ బొచ్చు అడిగేవాళ్ళు లేక, కత్తిరించినా కంపల్లో పారేస్తున్నారు. చూస్తే నా చేతులు ఊరుకోవు, ఏరుకొస్తాను. మా ఊళ్ళో కంబళి మగ్గాలు ఆగిపోయాయి. పిల్లలు కప్పుకునేవి హిందూపురం అంగడి రగ్గులు. మెత్తనివే, కాదనను. వానొస్తే నెత్తిన వేసుకోవడానికి మాత్రం పనికిరావు.

బండివాడు మైకు ఆపి తక్కెడ తీశాడు. "అవ్వా, ఇస్తాండావా లేదా?"

"ఇయ్యను. నువ్వు పోప్పా."

"ఇంక దేనికత్తా అది?" అంది కోడలు.

"తల్లి చచ్చిన పిల్ల యా మందలోనన్నా ఉంటాది. దానికి బొచ్చు కప్పొద్దా? మళ్ళా అటక మీద పెట్టు."

కోడలు పెట్టేముందు దీపం ప్రమిదలో అడుగున మిగిలిన నూనె కత్తెరకు పూశాను. చేతికంటుకున్నది నెత్తికి రాసుకున్నాను.