వదలని తలుపు పిడి

ఆ ఆసుపత్రిలో కొత్త డాక్టర్లందరికీ ఆవిడ పిన్నిగారే. వారానికి రెండు రోజులు వచ్చి, మూడో అంతస్తులోని చిన్న గదిలో కూర్చునేది. భర్త పోయాడన్న కబురు వినడమే ఆవిడ పని. అభ్యాసం కోసం ఒక్కో డాక్టరూ వచ్చి, నిజమన్నట్టే ఆ కబురు చెప్పాలి. ఎలా చెప్పారో తర్వాత పిన్నిగారు చెప్పాలి.

"పొద్దున్నుంచి మా ఆయన్ని నాలుగుసార్లు చంపారు, ఇంక కాస్త టీ తాగనివ్వండి" అంటే, పాఠం చెప్పే పెద్ద డాక్టరమ్మకి నవ్వాలో వద్దో తెలిసేది కాదు. పిన్నిగారి భర్త రెండేళ్ళ కిందట నిజంగానే పోయాడు, ఇంకో ఆసుపత్రిలో. కబురు చెప్పిన డాక్టరు తలుపు పిడి పట్టుకుని, సగం బయటే నిలబడి, నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి పిడినెందుకు వదల్లేదో ఆవిడకి అంతుపట్టలేదు. అది తెలుసుకుందామనే ఈ పనికి ఒప్పుకుంది.

ఆ రోజు వచ్చిన పొడుగమ్మాయికి ఇది మూడోసారి. ఈసారీ తప్పితే ఆరునెలలదాకా వార్డుకి పంపరు. తలుపు తీసింది, పిడి వదల్లేదు. "చేయగలిగిందంతా చేశామండి" అంటూ బట్టీపట్టినదంతా గడగడా అప్పజెప్పింది.

పెద్ద డాక్టరమ్మ మార్కులు వేయడానికి కలం తీసింది. పిన్నిగారు చెయ్యెత్తి ఆపింది.

"కోప్పడటం లేదు తల్లీ, తెలియకే అడుగుతున్నా. ఆ పిడినెందుకు వదలవు? అదేమన్నా పారిపోతుందా?"

అమ్మాయి తన చేతిని కొత్తగా చూసుకుంది.

"అది కాదండీ, పారిపోయేది నేను. కూర్చుంటే మీరు ఏడుస్తారు, నాకూ ఏడుపొస్తుంది. డాక్టరు ఏడవకూడదు కదా పిన్నిగారూ."

రెండేళ్ళుగా ఆ డాక్టరుది రాతిగుండె అనుకుంది పిన్నిగారు. భయమని ఒక్కనాడూ తోచలేదు.

"నాకంటే గట్టిగా ఏడవకు, అంతే. అప్పుడు నిన్ను నేను ఊరుకోబెట్టాల్సొస్తుంది. వెళ్ళి మళ్ళీ రా."

పెద్ద డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది.

అమ్మాయి మళ్ళీ వచ్చింది. తలుపు మూసి, కుర్చీ లాక్కుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"మీవారు పోయారండి."

అప్పుడు పిన్నిగారు, తనకి రాసిచ్చిన కాగితంలో లేని ప్రశ్న వేసింది. రెండేళ్ళుగా అడగడానికి మనిషి దొరకని ప్రశ్న.

"చివర్లో ఏమన్నా అన్నారా అమ్మా?"

"నేను పక్కన లేనండి. నర్సమ్మ ఉంది. పిలిపిస్తాను, ఇద్దరం అడుగుదాం. నేనిక్కడే ఉంటాను."

పెద్ద డాక్టరమ్మ మార్కుల కాగితం మీద సంతకం పెట్టి, "సోమవారం వార్డుకి రామ్మా, ఇంక వెళ్ళు" అంది.

అమ్మాయి లేవలేదు.