చప్పుడు రాని తలుపు

మేము రాజమండ్రిలో కొనుక్కున్న ఫ్లాట్‌కు గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఉంది. కిటికీలూ, బాల్కనీ తలుపూ అన్నీ ప్లాస్టిక్ ఫ్రేములే, రెండేసి అద్దాలతో. "ఏసీ చల్లదనం బయటికి పోదండి. రోడ్డు మీద చప్పుడు లోపలికి రాదండి" అన్నాడు బిల్డరు. అతను అబద్ధం చెప్పలేదు.

ఒక వేసవి పొద్దున్న మావారు ఆఫీసుకు వెళ్లాక, స్టవ్ మీద పాలు పెట్టి, బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్లి, అలవాటుగా తలుపు జరిపేశాను. వెనకాల టక్కుమంది. రెండేళ్లు నిండని మా పాప లోపల గొళ్లెం పట్టుకుని నవ్వుతోంది. ఆ తలుపుకు బయటివైపు పిడి లేదు.

"పైకి ఎత్తమ్మా, పైకి!" అని చేత్తో చూపించాను. అది ఆటనుకుని తనూ చెయ్యి ఊపింది. దాని పెదాలు కదులుతున్నాయి కానీ మాట బయటికి రావడం లేదు. నా అరుపూ దానికి వినబడటం లేదని అప్పుడు అర్థమైంది. ఫోను లోపలే ఉంది. వీధి తలుపుకూ లోపల గడియ.

ఇంతలో పాప వంటింటి వైపు వెళ్లి కనిపించకుండా పోయింది.

నా కేకలకు కింది ఫ్లాట్ పిన్నిగారు బయటికొచ్చారు. "ఏంటమ్మా, ఏమైంది?"

"పాప లోపలుండిపోయిందండి! స్టవ్ వెలుగుతోంది!"

"వాచ్‌మన్‌ని తీసుకొస్తానమ్మా, తలుపు బద్దలు కొట్టిద్దాం!"

ఆగలేకపోయాను. బాల్కనీ మూల పడేసిన రుబ్బురోలు పొత్రం ఎత్తి, బాల్కనీలోకే ఉన్న పడగ్గది కిటికీ మీద కొట్టాను. ఒక అద్దం పగిలింది. రెండోది పగల్లేదు. ఏడుస్తూ మళ్లీ మళ్లీ కొట్టాను. అదీ రాలాక లోపలికి దూరాను.

ఇల్లంతా గ్యాస్ వాసన. పాలు పొంగి మంట ఆరిపోయింది. గట్టు మీంచి పాలు కారుతుంటే పాప వాటికేసి చెయ్యి చాస్తోంది. స్టవ్ కట్టేసి దాన్ని ఎత్తుకున్నాను. హాల్లో ఏసీ ఇంకా నడుస్తోంది. ఎక్కడ నిప్పురవ్వ లేస్తుందోనని ఏ స్విచ్చూ ముట్టుకోకుండా పరుగెత్తి గడియ తీశాను.

గుమ్మంలోనే ఉన్న పిన్నిగారు పాపను అందుకుని, "నీ చెయ్యి చూసుకో తల్లీ, రక్తం!" అన్నారు. అప్పటిదాకా నాకు నొప్పే తెలియలేదు. మెట్ల మీద కూలబడిపోయాను.

ఆ వారంలోనే బయటినుంచి కూడా తెరుచుకునే గొళ్లెం వేయించాం. అయినా ఇప్పటికీ బాల్కనీలోకి వెళ్లాలంటే తలుపు మధ్య కుర్చీ అడ్డం పెట్టుకునే వెళ్తాను.