మజ్జిగలో కలిపిన పొడి

రెండువేల తర్వాతి ఏళ్లలో నేను నాంపల్లిలో ఒక దవాఖాన కేన్సర్ వార్డులో నర్సుని. నోరు పెద్దదని పేరు. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

ఒక మధ్యాహ్నం, కీమో నడుస్తున్న పెద్దాయనకు విరేచనాలు మొదలయ్యాయని ఆయన భార్య ఆబిడ్స్ మెడికల్ షాపు నుంచి, కడుపుకి మేలుచేసే సూక్ష్మజీవులుండే ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు కొనుక్కొచ్చింది. మంచం పక్కనే ఒకటి విప్పి, పొడిని మజ్జిగలో కలిపింది. అవే వేళ్లతో, ఆయన మెడలో రక్తనాళంలోకి వేసిన గొట్టం పట్టీని సర్దబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

“పెరుగుల ఉండేటియే గద సిస్టరమ్మా, మంచి చేస్తయట,” అంది కోపంగా.

“మీకు, నాకు మంచివే. డాక్టర్‌ను అడగకుండ ఈయనకు ఇయ్యొద్దు. గీడ విప్పనే వద్దు.”

ఆమె గ్లాసు వదల్లేదు.

“గిన్నెడు పాలు తోడుపెట్టనీకి ఎంత పెరుగేస్తరమ్మా?” అని అడిగాను.

“జరంత. చెంచ కూడ పట్టది.”

“తెల్లారేసరికి గిన్నె మొత్తం అదే అయితది గద. ఈ పొడి జరంత గొట్టంల కెళ్లి రక్తంల పడితే, ఆపే బలం కీమోతోని ఈయనకు లేదు.”

ఆమె వెళ్లి మజ్జిగ పారబోసింది. తిరిగొచ్చి, బడిపిల్లలా రెండు చేతులూ నా ముందు చాపింది. మోచేతుల దాకా తడిగా ఉన్నాయి.