పొట్ట కింద చెయ్యి

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. రామచంద్రపురంలో ఎరువులూ పురుగుమందుల కొట్టు నాది. దిష్టికి గుమ్మానికి నిమ్మకాయలు కడదామని గుమాస్తా పోరుపెడితే, ఆ కాయలేవో మజ్జిగలో పిండమన్నాను. ఇప్పటికీ నాకు కొత్తగా నమ్మకాలేమీ పుట్టుకురాలేదు. జరిగింది మాత్రం చెబుతాను. ఇందులో వింత కంటే నా సిగ్గుమాలినతనమే ఎక్కువ కనబడుతుంది. కనబడనివ్వండి.

రెండువేల రెండులో అనుకుంటాను. ఆ రోజుల్లో మందుల కంపెనీలు సరుకు బాగా అమ్మిన డీలర్లని టూర్లు తిప్పేవి. ఆ ఏడు మా చుట్టుపక్కల నుంచి పదిమందిమి తేలాం. అండమాన్ అన్నారు. మద్రాసు దాకా రైలు, అక్కణ్ణించి విమానం, ఆపైన ఓడ. నేను విమానం ఎక్కడం అదే మొదలు. యూరియా బస్తా కోసం వచ్చిన ప్రతి రైతుకీ ఆ సంగతి చెప్పాను. అడక్కపోయినా చెప్పాను.

బయల్దేరే నాటికి మా బాబాయి మంచంలో ఉన్నాడు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, నన్ను పెంచింది బాబాయే. ఆయనకీ పిన్నికీ పిల్లల్లేరు. "నా తలకొరివి వీడిదేరా, ఇంకెవడూ చెయ్యెయ్యకూడదు" అని నవ్వుతూ పదిమందిలో అనేవాడు. వెళ్ళనా మాననా అని నేను గుమ్మంలో నసుగుతుంటే, "వెళ్ళిరారా, నాకేం ఇప్పుడప్పుడే కాదులే" అన్నాడు.

ఓడ దిగాక మమ్మల్ని దింపిన రిసార్టు చూసి మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. పైకి చూస్తే మా పొలాల్లో గొడ్లకి వేసే పాకలాగే ఆకుకప్పు. లోపల ఏసీ, మెత్తటి పరుపు, అద్దాల స్నానాలగది. మెట్టు దిగితే తెల్లటి ఇసక. నా గదిలో మండపేట డీలరు సుబ్బారాయుడు గారు పడ్డారు. "ఏంటండీ ఇది, మన పాకలకీ ఏసీ పెడితే గేదెలు ఇంకో రెండు లీటర్లు ఇస్తాయేమోనండి" అని ఆయన నవ్వించారు.

మర్నాడు పొద్దున్న టిఫిను దగ్గరుండగా ఆఫీసు గదిలోకి పిలిచారు, ఇంటి నుంచి ఫోనని. అక్కడ సెల్‌ఫోన్లు పని చేసేవి కావు. రిసార్టు నంబరు నేనే మా ఆవిడకి రాసిచ్చాను.

"ఏవండీ, బాబాయిగారు పోయారండీ. తెల్లారగట్ట. మీరొచ్చేదాకా ఉంచమంటారా? ఐసు తెప్పిస్తామంటున్నారు."

లైను స్పష్టంగా ఉంది. వెనకాల పిన్ని ఏడుపు కూడా వినిపిస్తోంది.

"హలో... హలో... ఏంటీ? వినపడట్లేదు" అన్నాను.

"బాబాయిగారండీ! బాబాయిగారు పోయారు!" అని మా ఆవిడ అరిచింది.

"హలో... ఏం వినపడట్లేదే" అని ఫోను పెట్టేశాను. మళ్ళీ వస్తే నేను బయటికెళ్ళానని చెప్పమని, గుమ్మం దాటుతూ ఆ ఆఫీసు అమ్మాయికి చెప్పాను.

మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ ఉందని నాకు తెలుసు. అది పట్టుకుని, మర్నాడు పొద్దుటి విమానం ఎక్కితే, ఆ రాత్రి రైలుకి ఎల్లుండి ఊళ్ళో ఉండేవాణ్ణి. మాతో వచ్చిన మందుల కంపెనీ మనిషికి ఒక్క మాట చెబితే టిక్కెట్లు ఆయనే చూసేవాడు. చెప్పలేదు. ఎందుకంటే పగడాల దిబ్బ చూడటం ఆ మధ్యాహ్నమే. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరికితే బాగుండునని ఇన్నేళ్ళుగా వెతుక్కుంటున్నాను, దొరకలేదు.

భోజనాల దగ్గర రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించుకున్నాను. పెంచినవాడు పోయి, మైలలో ఉండి, రొయ్యలు. ఛీ.

రెండింటికి మరపడవలో తీసుకెళ్ళారు. దిబ్బ చూపించే ఆయన పేరు అప్పన్న. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతల నాడు వలస వచ్చారట, యాభై ఏళ్ళుంటాయి. అందరికీ గాలి జాకెట్లు ఇచ్చాడు. నేను పక్కన పడేశాను. "గోదారి వాళ్ళకి ఈత నేర్పుతారేంటండీ? కాలవలో పుట్టి పెరిగాం" అన్నాను. కాలవ నీళ్ళలో ఎంతటి మొనగాడైనా సముద్రానికి లెక్కలోకి రాడని తెలియకే ఆ కూత.

ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ కిందికి చూశాను. ఉంగరంలో పొదిగిన పగడం తప్ప ఇంకోటి చూసి ఎరగను. కడియం నర్సరీ మొత్తాన్ని తెచ్చి నీళ్ళలో ముంచినట్టుంది. చూస్తూ చూస్తూ హద్దుకి కట్టిన తాడు దాటిపోయాను. ఉన్నట్టుండి దిబ్బ అయిపోయింది. కింద నీలం, ఇంకా కింద నలుపు. నీటి లాగుడు నన్ను లోపలికి ఈడ్చేస్తోంది. పిక్క పట్టేసింది. గొట్టంలోంచి ఉప్పునీళ్ళు గొంతులోకి దిగాయి. అరవబోతే ఇంకొన్ని మింగాను. అయిపోయాననుకున్నాను.

అప్పుడు నా పొట్ట కింద ఒక అరచెయ్యి ఆనింది.

ఏడేళ్ళప్పుడు బాబాయి నాకు కాలవలో ఈత నేర్పాడు. పొట్ట కింద అరచెయ్యి పెట్టి తేల్చి, వేళ్ళతో రెండుసార్లు తట్టేవాడు. తట్టాడంటే కాళ్ళు ఆడించమని. ఆయన నడిమి వేలు సగమే ఉండేది, మిగతాది చెరుకు గానుగలో పోయింది. ఆ మొండి వేలు పొట్టకి వేరుగా తెలిసేది.

ఇప్పుడూ తెలిసింది. రెండుసార్లు తట్టింది.

నేను కాళ్ళు ఆడించాను. కిందికి చూస్తే ఏమీ లేదు, ఒక్క చేప కూడా లేదు. చెయ్యి మాత్రం ఉంది. అప్పన్న వచ్చి నా జబ్బ పట్టుకునే దాకా ఉంది.

"ఏటి బాబూ ఇది! నీ పని అయిపోనాదనుకున్నాను" అని అప్పన్న నన్ను పడవలోకి లాగాడు. "ఆ లాగుడికి ఎవులైనా లోనికే పోతారు. నువ్వు ఎదురెలా వచ్చినావు?"

దగ్గుతూ మింగిన ఉప్పునీళ్ళన్నీ కక్కాను. సుబ్బారాయుడు గారి చేతి గడియారం నా కళ్ళెదురుగా ఉంది. మూడూ ఇరవై.

గదికొచ్చి చొక్కా విప్పితే, "పొట్ట మీద ఏంటండీ అది, ఎవరో చరిచినట్టు?" అన్నారు సుబ్బారాయుడు గారు. అద్దంలో చూసుకున్నాను. ఎర్రగా కందిన అరచెయ్యి. నాలుగు వేళ్ళు నిండుగా, నడిమి వేలు సగం. జెల్లీ చేప కుట్టుంటుందని అప్పన్న వెనిగరు పోశాడు. తర్వాత మా ఊరి డాక్టరుగారూ అదే అన్నారు. అయి ఉండొచ్చు, కాదనడానికి నేనేమీ చదువుకోలేదు. కానీ ఆ రెండు తట్లూ ఏ చేపవి?

మిగిలిన రెండు రోజులూ గది దాటలేదు. ఇంటికి ఫోను చేసే ధైర్యం లేదు. ఊరు చేరేసరికి మా ఆవిడ ఎదురొచ్చి భోరుమంది. "లైను బాగోలేదండీ, నేనింకా గట్టిగా చెప్పాల్సింది" అని తననే తిట్టుకుంది. నా కబురు కోసం మధ్యాహ్నం దాకా చూసి, ఇక లాభం లేదని రెండింటికి ఎత్తారట. కాష్ఠానికి నిప్పు పెట్టేసరికి మూడుంపావు దాటిందట. తలకొరివి వరసకు నాకు తమ్ముడయ్యేవాడు పెట్టాడు.

పదోరోజు కాలవ రేవులో ధర్మోదకాలు వదలడానికి అందరం చొక్కాలు విప్పాం. మరక ఇంకా పోలేదు. నేను తువ్వాలు పొట్టకి బిగించి కట్టుకుని దిగాను. వెనకాల ఎవరో "పెంచిన కొడుకు సమయానికి లేకపోయాడు" అంటూనే ఉన్నారు. గట్టు మీంచి పిన్ని గట్టిగా కసిరింది.

"వాణ్ణేమీ అనకండి. వాడికి వినపడలేదు పాపం. వినపడి ఉంటే సముద్రం ఈదుకుంటూ అయినా వచ్చేవాడు నా బిడ్డ."

దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. మళ్ళీ ముంచి వదిలాను.

ఆ చెయ్యి ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు. అది బాబాయిదే అయితే, అక్కడ తనని కాలుస్తుంటే ఇక్కడ నన్నెందుకు పట్టుకున్నాడో అంతకన్నా తెలీదు. వదిలెయ్యాల్సింది కదా.

పిన్నికి నిజం చెప్పేద్దామని మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. మూడుసార్లూ ఆవిడ "ఎండనపడి వచ్చావు, ముందు అన్నం తినరా" అంది. తిని వచ్చేశాను.