కొన్న ధరకు తాళం

మా స్టీలు సామాన్ల కొట్లో కంప్యూటర్‌కు తాళం వేయించిన ఘనత నాదే. కౌంటర్లో వాళ్లు కొన్న ధర చూసుకుని తెగ తగ్గించి అమ్మేస్తున్నారని, అది నాకు తప్ప ఎవరికీ కనపడకుండా చేయించాను. సాఫ్ట్‌వేర్ ఆయన ఐదు వేలు అడిగితే మూడు వేలకు దింపాను కూడా.

మర్నాడు సామర్లకోటలో పెళ్లికి వెళ్లాను. మేళం హోరులో మా ఆవిడ ఫోను.

"ఏవండీ, మొగల్తూరు వాళ్లు సారె సామాన్లకొచ్చారు. బిందెలు మనకెంత పడ్డాయి?"

"కంప్యూటర్లో చూడు."

"చూశానండి. ధర ఉండాల్సిన చోట చుక్కలున్నాయి. ఎంతవరకు దిగాలో తెలియట్లేదు."

ఆవిడను కూడా ఆ 'ఎవరికీ'లో కలిపేశానని అప్పుడు వెలిగింది. నా పాస్‌వర్డ్ చెప్పాను. వినపడలేదంది. గొంతు చించుకుని మళ్లీ చెబుతుండగా మేళం ఆగిపోయింది. పందిట్లో ఉన్న ఎదురు కొట్టు ఆయన నవ్వుతూ, "ఇంకోసారి చెప్పండి బావగారూ, రాసుకుంటాను" అన్నారు.

ఫోన్లో మా ఆవిడ అంది: "ఇక అక్కర్లేదులెండి. సొంత కొట్లో ధర తెలియని మనిషితో బేరమేంటని ఎదురు కొట్టుకి వెళ్లిపోయారు."

ఇదీ బిల్లు: తాళం వేయించడానికి మూడు వేలు. మా ఆవిడకు తీయించడానికి రెండు వేలు; ఈసారి బేరమాడే మొహం లేకపోయింది. పోయిన సారె మీద మిగలాల్సింది పన్నెండు వేలు. మొత్తం పదిహేడు వేలు.

కౌంటర్లో తగ్గింపుల వల్ల పోతోందని నేను ఏడ్చింది నెలకు ఎనిమిది వందలు.