ఇంకొక్కసారి పాడి పో

ఈ బరువు ఇన్నేళ్లుగా నాలోనే ఉంది. దించుకుందామని ఎన్నోసార్లు మాట నోటిదాకా తెచ్చుకుని మళ్లీ మింగేశాను. నా భార్యకు చెప్పలేదు. పిల్లలకైతే అసలే చెప్పలేను, అబద్ధమాడొద్దని రోజూ వాళ్లకు బుద్ధులు చెప్పే తండ్రిని, పైగా బడిపంతులిని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇప్పటికే లేచి వాకిట్లోకి పోయి వచ్చాను. మళ్లీ లేస్తానేమో, ఏమనుకోకండి.

భోపాల్‌పట్నం దగ్గర ఒక పల్లెలో నా మొదటి ఉద్యోగం. బస్తర్ సంస్థానం వారి బడి. పిల్లలు ఇంట్లో తెలుగో గోండో మాట్లాడేవారు, చదువు మాత్రం హిందీలో. ఆ హిందీ నాకే అంతంతమాత్రం. అయినా అందరూ నన్ను గురూజీ అనేవారు. మీసాలు సరిగా రాని వయసులో ఆ పిలుపు నా తలకెక్కింది.

ఆ బడిలో సమ్మక్క ఒక్కతే ఆడపిల్ల. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా నవ్వినా, రైతు అయిన వాళ్ల నాన్న ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. మంచి గొంతు ఆ పిల్లది. ఒకసారి వింటే పాట పట్టేసేది.

అవి ఇప్పపువ్వు రాలే రోజులు. అప్పుడు తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ చెట్ల కిందికి పోతారు. ఎండ ముదరకముందే పువ్వు ఏరుకోవాలి. ఆ పువ్వు కోసం ఎలుగుబంట్లూ వస్తాయి. అందుకని చెట్టు దగ్గరున్న పిల్లలు మధ్యమధ్యలో గట్టిగా కూతేస్తుంటారు. కూత వింటే ఎలుగు దగ్గరికి రాదు, దూరాన మరో చెట్టు కింద ఏరుకుంటున్న తల్లికీ ధైర్యం. సమ్మక్క ఇంట్లో కూతేసేది సమ్మక్కే. తమ్ముడు కన్నయ్య మరీ చిన్నవాడు, వాడి గొంతు గట్టిగా పలకదు.

జగదల్‌పూర్ నుంచి బడుల ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసి నాకు కాలు నిలవలేదు. హిందీలో స్వాగతం పాట నేర్పాను. ముందు ఎత్తుకునేది సమ్మక్క, మిగతావాళ్లు వంత. ఆయన వచ్చే ముందురోజు తెల్లవారగానే పిల్ల ఒక్కతే వచ్చి ఒకసారి పాడి వెంటనే చెట్టు దగ్గరికి పోయేట్టు వాళ్ల నాన్నతో చెప్పి ఒప్పించాను. పిల్ల వచ్చేస్తుందన్న నమ్మకంతోనే ఆ తల్లిదండ్రులు కన్నయ్యను ఒక చెట్టు దగ్గర వదిలి, తాము అవతలి చెట్ల వైపు పోయారు.

బడి వసారాలో నిలబడి పాడింది. పాట అయిపోగానే అడిగింది.

“గురూజీ, పొద్దెక్కుతున్నది. తమ్ముడొక్కడే ఉన్నడు చెట్టుకాడ. నేను పోత.”

“ఇంకొక్కసారి పాడి పో.”

పాడింది. మళ్లీ ఇంకొక్కసారి అన్నాను. ఎందుకన్నాను? తప్పేమీ లేదు ఆ పాటలో, మొదటిసారే చక్కగా పాడింది. వింటుంటే ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకుంటున్నట్టే ఉండేది, ఆ ముచ్చట తీరక, పాడుతూ పాడుతూ ఆ పిల్ల చెట్ల వైపు చూడడం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఎన్నిసార్లు పాడించానో గుర్తులేదు. చివరికి పొమ్మన్నాను. పరుగెత్తింది. ఆమె బాట మలుపు తిరిగిందో లేదో, అటునుంచి కేకలు.

గొడ్డళ్లు పట్టుకుని మగవాళ్లు ఎలుగును తరిమారు. కన్నయ్య బతికాడు. ఒక కన్ను పోయింది, బుగ్గ చీలిపోయింది.

మధ్యాహ్నం వాళ్ల నాన్న వచ్చాడు, సమ్మక్కను రెక్క పట్టుకుని.

“గురూజీ, మీరే ఉంచుకున్నరని అంటున్నది పిల్ల. నిజమేనా?”

“లేదే. తెల్లారగానే పంపించేశానే.”

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. సమ్మక్క నా వైపు చూసి ఏదో అనబోయింది. “గురూజీ అబద్ధమాడుతడా? యాడ ఆడుకుంట కూసున్నవే?” అంటూ ఆయన ఆమె చెంప మీద కొట్టాడు. మిగతా పిల్లలంతా పొద్దున చెట్ల దగ్గరే ఉన్నారు, చూసినవాళ్లు లేరు. నేను నిలబడి చూశాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వేరే పిల్లవాడు శ్రుతి తప్పి పాడుతుంటే ఆయన చుట్ట వెలిగించుకుని ఎటో చూశాడు. పాట విననేలేదు. సమ్మక్క మళ్లీ బడికి రాలేదు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆ రైతు కళ్లలో గురూజీ చిన్నబోవడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే. ఆ కాస్త గౌరవం కోసం, తన పిల్ల మాట కన్నా నా మాటే ఎక్కువ నమ్మిన మనిషిని మోసం చేశాను. రేపు చెబుదామనుకున్నాను, ఇన్‌స్పెక్టరు పోయాక చెబుదామనుకున్నాను, ఆ తర్వాత బదిలీ అడిగి బీజాపూర్ వచ్చేశాను. సిగ్గు లేకుండా ఇక్కడా గురూజీనే.

మొన్న నా కూతురు బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. అది చదివే బడి వేరు. గురూజీ ఉంచాడంది. నా భార్య నమ్మక చెయ్యెత్తింది. ఇల్లు దద్దరిల్లేలా అరిచాను నేను. తల్లీపిల్లలు బిత్తరపోయారు. పిల్ల మాట నమ్మమని అరవడానికి ఇంత గొంతుందా నాకు? ఆరోజు ఎక్కడ చచ్చింది?

ఈమధ్య అంగడిలో ఆ ఊరి మనిషి కనిపించాడు. సమ్మక్కకు పెళ్లై ఒక కొడుకట. ఇప్పటికీ కన్నయ్య ముఖం చూసినప్పుడల్లా, ఆటల్లో పడి తమ్ముణ్ణి ఎలుగుకు వదిలేసిందని తల్లి ఆమెను తిడుతుందట. సమ్మక్క కన్నకొడుకును కూడా ఆమె దగ్గర ఒంటరిగా వదలదట అత్త. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

వాళ్ల గడప తొక్కి చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో చూశారుగా. క్షమించమనీ అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఎవరో ఒకరికి చెప్పినందుకు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఆ పొద్దున సమ్మక్క ఎక్కడా ఆడుకోలేదు. బడి వసారాలో నిలబడి పాడుతూ ఉంది. పోతానంది. నేనే పోనివ్వలేదు.