బొందు కింద పుండు

రాజోలు చుట్టుపక్కల ఊడ్పులకి జయమ్మ ముఠాని పిలవని రైతు లేడు. ముప్పై ఏళ్లుగా బురదలో వంగి నాట్లు వేసిన మనిషి. వరసలో ఎవరు వెనకబడినా నోటితోనే ముందుకు తోస్తుంది. చేలో పాము కనబడితే తోక పట్టి గట్టు మీదికి విసిరిన రోజులున్నాయి. అలాంటి జయమ్మకి ఈ ఏడు అద్దమంటే భయం పట్టుకుంది.

బుగ్గల మీద నల్లటి మచ్చలు లేచాయి. ఎండలో తిరిగితే చర్మానికి కేన్సరొస్తుందని ఎవరో ఫోనులో చూపించారు. అంతే, పైప్రాణాలు పైనే పోయాయి. కోడలు మెర్సీ ఊరి ఆసుపత్రిలో నర్సు. సెలవు పెట్టి అత్తగారిని అమలాపురం చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. జయమ్మ మాత్రం కోడల్ని బయట కూర్చోబెట్టి తనొక్కతే లోపలికి వెళ్లింది.

డాక్టరమ్మ మచ్చలు చూసి నవ్వింది. "ఇవి మంగు మచ్చలండి. ఎండ లోపలికి దిగకుండా చర్మంలో కణాలు రంగు తయారుచేసి గొడుగు పడతాయి. మీకది కాస్త ఎక్కువైంది, ప్రాణానికేం కాదు. ఎండలోకెళ్తే ముఖం కప్పుకోండి. ఒంటి మీద మానని పుండ్లేమైనా ఉన్నాయా?"

"లేవండి," అంది జయమ్మ.

అబద్ధం. నడుం పక్కన, లంగా బొందు కరుచుకునే చోట ఒకటుంది. ఊడ్పుల్లో నడుం నిలబడాలంటే బొందు ఊపిరాడనంతగా బిగించాలని తల్లి నేర్పింది. అక్కడి చర్మం ఒరుసుకుపోవడం, నల్లగా కాయ కట్టడం మామూలే. నిరుడు అది పగిలింది. సున్నం, పసుపు అద్ది, పైన మళ్లీ అదే బొందు బిగించింది. ఇంట్లో నర్సుని పెట్టుకుని నర్సుకే తెలియకుండా దాచిన ఆవిడ తెలివికి దణ్ణం పెట్టాలి. సిగ్గని తనకి తాను చెప్పుకుంది గానీ, అది సిగ్గు కాదు, భయం. చూపిస్తే దానికో పేరు పెడతారు.

చీటీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. మానని పుండని ఆవిడెందుకు అడిగింది? వెనక్కి తిరిగొచ్చింది.

"ఒకటుందండి," అంది గోడకేసి చూస్తూ.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. పుండుని చాలాసేపు చూసింది. "ఎండొక్కటే కాదమ్మా. ఒకేచోట ఏళ్లతరబడి రాపిడి ఉంటే, గాయం పూడ్చడానికి కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. అలా పుట్టి పుట్టి ఒక్కోసారి అదుపు తప్పుతాయి. అందరికీ అలా అవ్వాలని లేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం, పది రోజుల్లో తెలుస్తుంది."

కట్టు కట్టించుకుని బయటికొచ్చాక దాచడానికింకేముంది? బస్సెక్కాక కోడలికి చెప్పేసింది.

మెర్సీ మెల్లగా అడిగింది. "పుండు అంచులు గట్టిపడ్డాయా అత్తయ్యగారూ?"

"గట్టిగానే ఉంటాయి. ఏం?"

"ఏం లేదండి," అని కిటికీ వైపు తిరిగిపోయింది.

జయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఊళ్లో చంటిపిల్లలకి తెలియకుండా సూది గుచ్చే చెయ్యి. వణుకుతోంది. ఇంతవరకూ పడ్డదొక భయమే కాదనిపించింది జయమ్మకి. రాజోలు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు, ఇంకో మాట అడగలేదు.